ఒకే రాయి, ఒకే పాయింట్

నిరోషా మీద జాలిపడే వాళ్లు ఈ కథ మధ్యలో ఎక్కడో తయారవుతారని నాకు తెలుసు. పడనివ్వండి, నాకేం. నా పేరు పద్మారాణి. వికారాబాద్‌లో స్టేషన్‌కు పోయే రోడ్డు మీద ఒక సర్వే ఆఫీసు ఉంది. అక్కడ ఫోన్లు ఎత్తేది, వచ్చినవాళ్లను కూర్చోబెట్టేది, కూర్చోబెట్టడం ఇష్టం లేనివాళ్లను మెట్ల మీది నుంచే తిప్పి పంపేది నేనే. నాకు నోరు ఎక్కువని పేరు. ఆ నోటి కోసమే నన్ను పనిలో పెట్టుకున్నాడు మా సేట్ చంద్రకాంత్.

సేట్‌ది తాండూరు. అక్కడ ఆయనకు నాపరాయి పాలిష్ చేసే యూనిట్ ఉంది. బండల మీద సంపాదించింది తెచ్చి భూముల మీద పెట్టాడు. అనంతగిరి గాలి, కోట్‌పల్లి నీళ్లు అని హైదరాబాద్ వాళ్లకు ఆశ పెట్టి ఫామ్ ప్లాట్లు అమ్ముతాడు. అమ్మాలంటే ముందు కొలవాలి కదా, ఆ కొలతల కోసమే ఈ ఆఫీసు. అందితే జుట్టు, అందకపోతే కాళ్లు పట్టుకునే మనిషి. కానీ ఇచ్చిన మాట తప్పడు. ఇది పొగడ్త అనుకోకండి.

నిరోషాది కోట్‌పల్లి అవతల చిన్న ఊరు. తల్లి రాహేలమ్మ సేట్ యూనిట్‌లోనే బండలు మోసి, ఆ దుమ్ము పీల్చీ పీల్చీ ఊపిరితిత్తులు చెడి చనిపోయింది. పోయేముందు బిడ్డను ఇంజినీరింగ్ మాత్రం చదివించింది. ఆ కాలేజీలో ప్రేమ్‌సాగర్ అనే సారు ఉండేవాడట. అందరూ నేర్పే భాషలు వదిలేసి, స్మాల్‌టాక్ అనే పాతకాలపు ప్రోగ్రామింగ్ భాష నేర్పేవాడట. ఉద్యోగం రాని భాష అని పిల్లలంతా నవ్వితే, నిరోషా ఒక్కతే దాన్ని పట్టుకుంది. ఆమె పట్టిందంటే ఉడుము పట్టే. చదువయ్యాక మా ఆఫీసులో మ్యాపులు గీసే పనికి చేరి, ఆ ప్రోగ్రాం కూడా ఈ భాషలోనే రాసింది.

ఖాళీగా ఉన్నప్పుడు నాకు కూడా చెప్పేది. "గీ భాషల అన్నీ వస్తువులే అక్కా. పాయింట్ గూడ వస్తువే."

మ్యాప్ మీద ఒక చోటు చెప్పాలంటే రెండు అంకెలు కావాలి. తూర్పుకు ఎంత, ఉత్తరానికి ఎంత అని. స్మాల్‌టాక్‌లో ఆ రెండు అంకెల నడుమ ఈమెయిల్‌లో పెట్టే ఆ జిలేబీ గుర్తు పెడితే చాలు. 3 @ 4 అని రాస్తే ఒక పాయింట్ పుడుతుంది. అది ఉత్త అంకెల జత కాదట. దాన్ని పిలిచి అడగొచ్చట. నీ తూర్పు ఎంత అంటే చెప్తుంది. పక్క పాయింట్‌కు నువ్వెంత దూరం అంటే అదీ చెప్తుంది. అలాగే ఒక చేను హద్దును పిలిచి, ఈ పాయింట్ నీ లోపల ఉందా అని అడిగితే, ఉందనో లేదనో చెప్తుంది. నాకు లెక్కలు రావు గానీ ఇది అర్థమైంది. మా ఆఫీసుకొచ్చే మనుషుల కంటే ఆ పాయింట్లే నయం, అడిగినదానికి సూటిగా జవాబు చెప్తాయి.

నిరోషా గర్వమంతా ఇంకొకదాని మీద ఉండేది. నాలుగు చేలు ఒక రాయి దగ్గర కలుస్తాయనుకోండి. వేరే ఆఫీసుల ప్రోగ్రాముల్లో ఆ మూల చేనుకొకసారి చొప్పున రాసి ఉంటుంది. ఒకటి మార్చి మిగతావి మరిచిపోతే హద్దుల మధ్య సందులు పడతాయి. నిరోషా ప్రోగ్రాంలో ఆ మూల ఒక్కటే వస్తువు. నాలుగు చేలూ దాన్నే పట్టుకుని ఉంటాయి. మౌస్‌తో ఆ మూలను లాగితే దాన్ని పట్టుకున్న గీతలన్నీ కదులుతాయి, విస్తీర్ణాలు వాటంతట అవే మారతాయి. "ఒక రాయికి ఒకే పాయింట్" అనేది.

ప్రేమ్‌సాగర్ సారు ఫోన్‌లో వద్దన్నాడట. పుట్టిన పాయింట్ లోపలి అంకెలు ఎప్పుడూ మార్చకు, జరపాలంటే కొత్త పాయింట్ పుట్టించు, పాతదాన్ని ఇంకెవరెవరు పట్టుకుని ఉన్నారో నీకేం తెలుసు అని. నిరోషా ఫోన్ పెట్టేసి నవ్వింది. "సార్ పాఠాలు చెప్తడు, నేను ప్లాట్లు గీస్త" అంది. సేట్‌కు మాత్రం ఆ పద్ధతి మస్తు నచ్చింది. కొనేవాడు ఎదురుగా కూర్చుని రోడ్డు ఇటు కావాలంటే ఇటు, అటు కావాలంటే అటు, ఒక్క లాగుడుతో అయిపోయేది.

గొడవ సమాధుల జాగ దగ్గర మొదలైంది.

నిరోషా వాళ్ల ఊళ్లో క్రైస్తవుల ఇళ్లు తక్కువ. వాళ్లు చనిపోయినవాళ్లను పెట్టుకోవడానికి ఎప్పటిదో ఒక పటేల్ నోటిమాటగా ఇచ్చిన జాగ ఉంది. దానికి కాగితం లేదు, సర్కారు మ్యాప్‌లో గీత లేదు. చుట్టూ భూములన్నీ వెంచర్ల కిందికి పోతున్నాయని భయపడి, ఊరివాళ్లే నిరోషాను కొలవమని అడిగారు. ఒక ఆదివారం ప్రార్థన అయ్యాక ఆమె రోవర్ పట్టుకుని వెళ్లింది. రోవర్ అంటే కొస మీద టోపీ లాంటి డబ్బా ఉన్న కర్ర. దాన్ని నేల మీద ఆనిస్తే పైనున్న శాటిలైట్లతో మాట్లాడి, ఆ చోటు అంకెలు చెప్తుంది. మూలలు చూపించింది శాంతవ్వ. రాహేలమ్మ చనిపోయినప్పుడు శవానికి స్నానం చేయించి బట్ట కట్టిన మనిషి ఆమె. నిరోషా ఆమెను పెద్దమ్మా అనేది. ఆమె భర్త బిచ్చయ్యను కూడా ఆ జాగలోనే తూర్పు వరసలో పెట్టారు.

అక్కడ ఎవరికీ సమాధి కట్టించే స్థోమత లేదు. మట్టి కుప్ప పోసి కట్టె శిలువ పాతితే, రెండు వానలకు కుప్ప అణుగుతుంది, శిలువను చెదలు తింటాయి. రాహేలమ్మకు మాత్రం రాయి ఉంది. యూనిట్‌లో పగిలి అమ్ముడుపోని బండ ఒకటి సేట్ ఇచ్చాడు. పడమటి దిక్కు కింది మూలకు ఆమెను పెట్టి, తలవైపు ఆ బండ నిలబెట్టి, ఉలితో పేరు చెక్కించారు. ఎలాగూ ఆ మూలకు హద్దురాయి కావాలి కాబట్టి రెండింటికీ ఒకటే సరిపోతుందన్నారు పెద్దలు. పేదవాళ్ల పొదుపు అది. కాబట్టి ఆ జాగకు హద్దురాయీ రాహేలమ్మే, రాహేలమ్మకు సమాధిరాయీ హద్దే.

ఆ కొలతలు పెట్టుకుని నిరోషా ఆఫీసు కంప్యూటర్‌లో జాగ గీసింది. సేట్ అది చూశాడు. తనకు కావాల్సింది దొరికింది.

"తొవ్వ గీడికెళ్లి పోవాలె," అన్నాడు స్క్రీన్ మీద వేలు పెట్టి. "వెంచర్‌కు వేరే తొవ్వ లేదు. గీ సమాధుల జాగల కొంత కావాలె."

"సేట్, అండ్ల మా అమ్మ ఉన్నది."

"ఎర్కే. బండ ఇచ్చింది ఎవరు? మీ అమ్మ జోలికి నేనెందుకు పోత? తూర్పు దిక్కుకెళ్లి తీయి. ఆ దిక్కు ఎవరున్నరు?"

నేను ఫోన్ మాట్లాడుతున్నట్టు చెవికి ఆనించుకుని వాళ్ల మాటలే వింటున్నాను. తూర్పు వరసలో ఏ కుప్ప కింద ఎవరున్నారో నిరోషాకు తెలుసు. ప్రతి కుప్ప పక్కనా నిలబడి కొలిచింది తనే. వద్దంటుందని నేను అనుకున్నాను. కనీసం ఒక నిమిషం తల వంచుకుని ఆలోచిస్తుందనుకున్నాను.

"ఉన్నరు ఎవరో," అంది. అంత తేలిగ్గా అంది.

తర్వాత సేట్ వైపు తిరిగింది. "కానీ మీ మాట మీద నాకు నమ్మకం లేదు సేట్. రేపు ఇంకో దిక్కు గుంజమంటరు. ప్రోగ్రాంల ఒక కాపలా పెడ్త. హద్దు ఎట్ల మార్చినా అమ్మ లోపలనే ఉండాలె. బయట వడితె ప్రోగ్రాం వద్దంటది, మ్యాప్ బయటికి రాదు."

యజమాని ముఖం మీదే ఆ మాట అన్నందుకు నాకు భలే ముచ్చటేసింది. సేట్ కోపం తెచ్చుకోలేదు, నవ్వాడు. "మంచిది. నా మాట గూడ విను. నీ ప్రోగ్రాం వద్దంటె ఒక్క అడుగు జరప. అది ఒప్పుకుంటె మాత్రం నన్ను ఎవ్వరు ఆపొద్దు." ఇద్దరూ చేతులు కలిపారు.

ఆ మధ్యాహ్నమే నిరోషా కాపలా రాసింది. అమ్మ ఎక్కడుందో ప్రోగ్రాంకు చెప్పాలి కదా. స్క్రీన్ మీద ఆ మూల మీద క్లిక్ చేసి, ఇదే అమ్మ అని చెప్పింది. ప్రోగ్రాం ఆ మూల పాయింట్‌నే తెచ్చి ఆమె చేతిలో పెట్టింది. రాయి ఒకటే, చోటు ఒకటే, ఇంకో పాయింట్ దేనికి? దాని మీద చిన్న ఎర్ర శిలువ గుర్తు వేసింది. పని చేస్తుందా లేదా అని పరీక్ష కూడా చేసింది. పడమటి దిక్కు తెగిపోయేలా కొత్త మూలల అంకెలు కీబోర్డుతో కొట్టి, ఇదిగో ఇది కొత్త హద్దు అంది. వెంటనే స్క్రీన్ మీద ఎర్ర అక్షరాలు పడ్డాయి: వద్దు, రాహేలమ్మ బయట ఉంది.

నన్ను పిలిచి చూపించింది. ఆమె కళ్లలో నీళ్లు తిరిగాయి. నాకూ తిరిగాయి, అబద్ధమెందుకు.

మ్యాప్ వెళ్లింది. శ్రీను అందులోని తూర్పు గీత అంకెలు మాత్రం రోవర్‌లోకి ఎక్కించుకుని ఊరికెళ్లి, ఆ దిక్కున సున్నం గీత పోశాడు. శ్రీను అంటే మా రోవర్ మనిషి. గీత పోయమంటే పోస్తాడు, తుడవమంటే తుడుస్తాడు.

ఆ మర్నాడే శాంతవ్వ బస్సు ఎక్కి ఆఫీసుకు వచ్చింది. మెట్ల మీది నుంచే పంపేయమని నాకు ముందే చెప్పి ఉంచారు. పంపలేదు. ఎండకు ముఖమంతా నల్లబడి, కొంగుతో మెడ తుడుచుకుంటూ వచ్చి నిరోషా బల్ల పక్కన నిలబడింది.

"బిడ్డా, సున్నం గీత మీ పెదనాయిన మీదికెళ్లి పోయింది. ఏడనో తప్పు వడ్డది. జర చూడు."

"తప్పు వడలే పెద్దమ్మ. మిషన్ కొలిచింది."

"మిషన్ పట్కొచ్చింది నువ్వే గద. మూలలు చూపెట్టింది నేను."

"మంచిగ చూపెట్టినవ్. గందుకే కొలత మంచిగొచ్చింది." నిరోషా స్క్రీన్ మీది నుంచి కళ్లు తిప్పలేదు.

శాంతవ్వ కాసేపు ఆ స్క్రీన్‌నే చూసింది. అక్షరం రాకపోయినా గీతలు అర్థం కానంత తెలివితక్కువది కాదు. "మీ అమ్మ దిక్కు గీత లేదు బిడ్డా," అంది.

అప్పుడు తిరిగింది నిరోషా. "అమ్మకు బండ ఉన్నది. పెదనాయినకు ఏమున్నది? కట్టె శిలువ. అది గూడ చెదలు తిన్నది. కుప్ప లేదు, గుర్తు లేదు. గాడ మనిషి ఉన్నడంటె ఎవరు నమ్ముతరు?"

నేను చాలామందిని మెట్ల మీది నుంచి తరిమాను. నా నోటి నుంచి రాని మాట లేదనుకునేదాన్ని. అది విన్నాక మాత్రం నా పని నాకు చిన్నగా కనిపించింది. శాంతవ్వ ఏడవలేదు. ఎముకలన్నా తీసుకుపోనివ్వమని అడిగింది. సేట్‌ను అడగమంది నిరోషా. సేట్ తాండూరులో ఉన్నాడు. జేసీబీ పొద్దున్నే వెళ్తుంది. నేను మంచినీళ్లిచ్చాను. తాగి, గ్లాసు కడిగి పెట్టి మరీ వెళ్లింది శాంతవ్వ.

మర్నాడు జేసీబీ డ్రైవర్ కరీం ఫోన్ చేశాడు. "మేడం, కింద మొత్తం బండనే ఉన్నది. బకెట్ పండ్లు ఇరుగుతున్నయ్. గీ దిక్కు తొవ్వ కాదు." అప్పటికే తూర్పు వరసంతా పెళ్లగించి పక్కన పోశాడు. బిచ్చయ్యా పోయాడు, దారీ రాలేదు. ఎవరికీ పనికిరాకుండా ఒక మనిషిని రెండోసారి చంపారు.

సేట్ పెద్దగా పరేషాన్ కాలేదు. నిరోషాను పిలిచి, "యూనిట్‌ల కటింగ్ మిషన్‌కు నీ ప్రోగ్రాం పెట్టాలె. పొద్దుగాల రైలుకు తాండూరు పో," అన్నాడు. తల్లి బండలు మోసిన యార్డులో ఇంజినీరుగా అడుగు పెట్టడం ఆమెకు ఎప్పటి నుంచో కోరిక. ఇస్త్రీ చీర కట్టుకుని పోయింది.

ఆమె రైలెక్కాక సేట్ వచ్చి శ్రీను కుర్చీ వెనక నిలబడ్డాడు. "పడమటి మూలలు రెండు లోపలికి గుంజు," అన్నాడు.

"సేట్, ప్రోగ్రాం వద్దంటది. నిరోషా కాపలా పెట్టింది."

"అననియ్యి. అంటె ఆపేద్దాం. మాట ఇచ్చిన గద."

శ్రీను మౌస్ పట్టుకుని ఒక మూల లాగాడు, తర్వాత రెండోది. గీతలన్నీ కలిసి కదిలాయి. దారి వెడల్పయింది, సమాధుల జాగ సన్నగా అయిపోయింది. ఎర్ర అక్షరాల కోసం ముగ్గురం చూశాం. రాలేదు. నేను లేచి దగ్గరికెళ్లి నా కళ్లతో చూశాను. ఎర్ర శిలువ గుర్తు హద్దు లోపలే, ఎప్పుడూ ఉండే మూలలోనే ఉంది. రాహేలమ్మ క్షేమంగా ఉందనుకున్నాను. ఇంత పకడ్బందీగా రాసిన నిరోషా తెలివిని లోపల మెచ్చుకున్నాను కూడా.

"సేట్, గా రాయి ఉన్న చోటు…" అని శ్రీను మొదలుపెట్టాడు.

"రాయి మ్యాప్‌ల ఏడున్నది?"

"మూలకే ఉన్నది."

"మరింకేంది? సేవ్ చెయ్యి. కరీంకు పంపు. కూలీలకు చెప్పు, హద్దురాయి హద్దు మీదనే ఉండాలె, కొత్త మూలకు తీసుకపోయి పాతమను." టీ తెప్పించమన్నాడు నన్ను. తెప్పించాను.

తర్వాతి రోజు పొద్దున నిరోషా ఉషారుగా వచ్చింది. యార్డు వాళ్లు తనను మేడం అని పిలిచారని చెప్తూనే కంప్యూటర్ ముందు కూర్చుంది. జాగ మ్యాప్ తెరిచింది. విస్తీర్ణం దగ్గర ఆమె కళ్లు ఆగాయి.

"ఎవరు గుంజిన్రు?"

శ్రీను గోడ వైపు చూశాడు. "సేట్ చెప్పిండు. నీ ప్రోగ్రాం వద్దనలే మరి."

కీబోర్డు మీద ఏదో కొట్టింది. నేను వెనక నిలబడ్డాను. స్మాల్‌టాక్‌లో రెండు పాయింట్లను రెండు రకాలుగా పోల్చొచ్చని ఒకసారి నాకు చెప్పింది. సమానం గుర్తు ఒకటి పెడితే, ఈ రెండింటి అంకెలు ఒకటేనా అని అడిగినట్టు. గుర్తు రెండుసార్లు పెడితే, అసలు ఇవి రెండు వస్తువులా, ఒకటేనా అని అడిగినట్టు. నిరోషా ఒకవైపు మూల, ఇంకోవైపు అమ్మ అని రాసి మధ్యలో రెండు గుర్తులు పెట్టింది. ట్రూ అని వచ్చింది.

"ఒక్కటే అక్కా," అంది. "మూలను గుంజితె అమ్మ గూడ పోయింది. లోపలున్నవా అని అడిగితె ఉన్న అంటది. హద్దు యాడికి పోతె ఆడికే పోతది, ఎందుకనదు?"

"మరి నువ్వు చూసినప్పుడు వద్దన్నది గద?"

"అప్పుడు అంకెలు కొట్టిన. కొట్టితె కొత్త పాయింట్లు పుడ్తయి. అమ్మ పాతదాన్ని పట్టుకుని ఉండె. మౌస్‌తోటి గుంజితె కొత్తది పుట్టదు. ఉన్నదే నడుస్తది."

కంచే చేను మేసిందనే సామెత వినే ఉంటారు. ఇక్కడ కంచె చేనును భుజాన వేసుకుని నడిచింది. ఒక రాయికి ఒకే పాయింట్ అని ఎవరు గర్వపడ్డారు? సారు వద్దన్నా విననిది ఎవరు? నాకు కోపం వచ్చింది. అన్నీ తెలిసిన మనిషి తప్పు చేస్తే నాకు జాలి కంటే ముందు కోపమే వస్తుంది.

"పాత అంకెలు చూడు. ఆ చోటు ఏడనో దొరుకుతది గద," అన్నాను.

"లెవ్వు. లోపలనే మారిపోయినయ్. శ్రీను దాని మీదనే సేవ్ చేసిండు." రోవర్ వైపు చూసింది. రోవర్‌లో పాత కొలతలు ఉంచితే బరువవుతుందని, పని అయిపోయాక తుడిపించేది ఆమే. ఆమె పెట్టిన నియమమే. సర్కారు మ్యాప్‌లో ఆ జాగ ఎప్పుడూ లేదు. తల్లి ఎక్కడుందో చెప్పగలిగిన అంకెలు లోకంలో ఒకేచోట ఉండేవి, ఇప్పుడు అక్కడ వేరే అంకెలున్నాయి.

అప్పుడే సేట్ లోపలికి వచ్చాడు. నిరోషా లేచి నిలబడింది. "అన్నీ ఎర్కుండి చేసిండ్రు," అంది.

"నాకు కంప్యూటర్ రాదు బిడ్డా," అన్నాడు సేట్, ఎంత మెత్తగా అన్నాడో. "నీ ప్రోగ్రాం వద్దంటె ఆగుత అన్న. అది వద్దనలే. నేను మాట తప్పిన్నా? పద్మారాణీ, నువ్వు చెప్పు, తప్పిన్నా?"

నేను జవాబు చెప్పలేదు. తప్పలేదు కాబట్టి చెప్పలేదు.

ఇద్దరం ఆటో మాట్లాడుకుని కోట్‌పల్లి దారి పట్టాం. దారంతా ఆమె కరీంకు ఫోన్ చేస్తూనే ఉంది. వాడు ఎత్తలేదు. మేం దిగేసరికి పడమటి దిక్కు కుప్పల్లేవు, గుంతల్లేవు. ఎర్రటి మొరం పోసి, జేసీబీతో సాపు చేసేశారు. ఆ చివర నుంచి ఈ చివరకు ఒకటే ఎరుపు. కరీం ఇప్పుడు జేసీబీ దిగి, రోలర్ మీద కూర్చుని బీడీ కాలుస్తున్నాడు.

లోపలివైపు కొత్త మూలలో బండ నిలబడి ఉంది. సిమెంటు ఇంకా ఆరలేదు. రాహేలమ్మ అనే పేరు దారి వైపు తిప్పి, ఎవరు చూసినా చదవగలిగేలా నిటారుగా పాతారు. దాని కింద రాహేలమ్మ లేదు. ఇంకెవరున్నారో నాకు తెలియదు.

నిరోషా కరీం దగ్గరికి పరుగెత్తింది. "కరీం భాయ్, గీ రాయి ఏడికెళ్లి తీసిండ్రు?"

"నేను తియ్యలే మేడం. కూలీలు తీసిన్రు. నేను బండి దించేటాల్లకు జాగ సాఫ్ ఉండె." ఆ కూలీలు బంట్వారం వైపు వేరే పనికి పోయారట, ఏ రాయి ఎక్కడి నుంచి తీశారో వాళ్లకు గుర్తుండదట.

శాంతవ్వ తూర్పు దిక్కున ఉంది. కరీం తవ్వి పోసిన మట్టి దిబ్బ దగ్గర కూర్చుని, వేళ్లతో మట్టి కదుపుతూ దొరికినవి కొంగులో వేసుకుంటోంది. నిరోషా పోయి ఆమె ముందు కూలబడింది. నిన్న ఇస్త్రీ చీరలో తాండూరు పోయిన మనిషి ఆ మట్టిలో మోకాళ్ల మీద కూర్చోవడం నేను చూశాను.

"పెద్దమ్మా, అమ్మ ఏడున్నది? నీకు ఎర్కుంటది. రా, జర చూపెట్టు."

శాంతవ్వ కొంగు ముడి వేసుకుని లేచింది. మొరం అంచు దాకా మాతో వచ్చింది. దూరంగా ఉన్న గుట్టను చూసింది, ఊరి గుడిసెలను చూసింది, మనసులో ఏదో గీత కలుపుకుంది. ఆమె చూపు ఎర్రమట్టి మీద ఒకచోటికి వెళ్లి నిలిచింది. ఎక్కడ నిలిచిందో నేను పట్టుకునేలోపే తిప్పేసింది.

"కనవడుతున్నది," అంది.

"ఏడ పెద్దమ్మా?"

"చెప్ప."

నిరోషాకు అర్థం కాలేదు. మళ్లీ అడిగింది.

"చెప్ప బిడ్డా," అంది శాంతవ్వ. గొంతులో కోపం లేదు, వెటకారం లేదు. "నువ్వు ఫికర్ చెయ్యకు. నేను సచ్చేదాంక ఆదివారం ఆదివారం వచ్చి మీ అమ్మ కాడ కూసుంట. నువ్వు లేనప్పుడు వస్త."

నిరోషా ఆమె కాళ్లు పట్టుకుంది. శాంతవ్వ కాళ్లు వదిలించుకోలేదు, ముందుకు వంగి లేపనూ లేదు. చెట్టు నిలబడ్డట్టు నిలబడింది. ఎంత ఏడ్చినా ఇంకొక్క మాట ఆమె నోటి నుంచి రాలేదు. కొంత సేపటికి నిరోషాయే చేతులు తీసేసింది. నన్నడిగితే, శాంతవ్వ చేసింది తప్పని అనను. ఒప్పని అనడానికి కూడా నోరు రావడం లేదు.

మట్టి దిబ్బ వైపు వెళ్లిపోయింది శాంతవ్వ. నిరోషా లేచి, ఏదో ఒక చోట తనే కనిపెడుతుందన్నట్టు మొరం మీదికి నడిచింది. నాలుగడుగులు వేసి ఆగిపోయింది. వెనక నుంచి కరీం రోలర్ స్టార్ట్ చేసి, పక్కకు జరగమని అరిచాడు. ఎటు జరిగితే తల్లి మీద కాలు పడుతుందో తెలియక ఆమె అక్కడే నిలబడింది. ముందుకు పెట్టిన పాదాన్ని వెనక్కి తీసుకుంది. మళ్లీ ముందుకు పెట్టబోయి తీసుకుంది. రోలర్ వస్తూనే ఉంది.

నేనే వెళ్లి జబ్బ పట్టుకుని లాగాను. అడ్డదిడ్డంగా ఆ ఎర్రమట్టిని దాటించి ఆటో వైపు నడిపించాను. ఆమె తల ఎత్తలేదు. నేను మాత్రం శాంతవ్వ వైపే చూస్తూ నడిచాను. మేం ఎక్కడ అడుగు పెడుతున్నామో ఆమె దిబ్బ దగ్గర నిలబడి చూస్తూ ఉంది. ఒకచోట మేం కాలు పెట్టినప్పుడు ఆమె ముఖం తిప్పుకుంది.

ఆ చోటు నాకు గుర్తుంది. నిరోషా నన్ను అడగలేదు, నేను చెప్పలేదు.